బొరుసు

హెక్సమ్‌లో నవంబరు వాన
పడదు, నిలబడి ఉంటుంది.
అందులోంచి వచ్చాడు విల్ఫ్ రాబ్సన్.
బూట్లు గుమ్మం దగ్గరే విప్పి
మేజోళ్లతో నా బల్లదాకా నడిచి
జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు.

పెట్టెలో దూది. దూదిలో మట్టిబెడ్డ.
బెడ్డ ఒక చెంపకి మాత్రం పసుపు రాసుకుంది.

"బార్లీ చేలో," అన్నాడు, "రాయనుకున్నా.
యంత్రం మాత్రం గొడవ మానలేదు."

నీళ్లూ, మెత్తని కుంచే, అంతే.
బంగారానికి అంతకన్నా అక్కర్లేదు.
ఇనుము రాలిపోతుంది, రాగి పచ్చబడుతుంది,
ఇది పందొమ్మిది వందల ఏళ్లు పడుకుని లేచి
నిన్నటి మాట మీదే ఉంటుంది.

తూకం: ఏడు గ్రాముల చిల్లర.
నా లోపల ఇంకో తక్కెడ ఉంది, లక్కోజు వారిది.
అది చెప్పింది: అరవై గురిగింజలు.

బొమ్మ వైపు రాజు.
లావు మెడ, తలచుట్టూ ఆకులు,
ఎవరు చూస్తున్నారో పట్టించుకోని ముక్కు.
మా వైపు, కృష్ణ ఒడ్డున తవ్వినప్పుడు దొరికిన ఇలాంటివాటిలో
కొన్నిటికి చెంప మీద ఉలిగాటు ఉంటుంది.
లోపల ఏం దాచారో చూద్దామనుకున్నవాడు
రాజుగారని జంకలేదు.
మా పనిలో అనుమానం కూడా ఒక మర్యాదే.

వీడికి గాటు లేదు.
ఇక్కడ వీణ్ని నమ్మారు. లేదా భయపడ్డారు.

తిప్పాను.

ఒక మోడు.
మోడుకి తొడిగిన ఇనుపచొక్కా, పైన శిరస్త్రాణం,
అడ్డకర్రకి అటొకటి ఇటొకటి డాలు.
గెలుపు గుర్తట. పుస్తకాలన్నీ ఆ మాటే.
నాకైతే మిరపచేలో దిష్టిబొమ్మ.
పిట్టల్ని కాదు, మనుషుల్ని అదిలించడానికి
ఓడినవాడి బట్టలతోనే కట్టింది.

దాని కింద ఒకడు కూచున్నాడు.
చేతులు వెనక్కి. మోకాళ్లు దగ్గరికి.
నా చిటికెనవేలి గోరులో సగం ఉండడు,
అయినా వెన్నుపూసలు లెక్కపెట్టొచ్చు.

అచ్చు చెక్కినవాడెవడో
రాజు జుట్టు నాలుగు గీతల్లో ముగించి
వీడి వీపు దగ్గర ఆగిపోయాడు.
దీపం ఇంకాస్త ఇటు జరుపుకుని ఉంటాడు.
పైవాడు గదమాయిస్తే
"సన్నపని బాబూ, రేపటికి" అని ఉంటాడు.
పనివాళ్ల అబద్ధాలు నాకు తెలుసు.

సిపాయికి ఏడాదికి ఇలాంటివి తొమ్మిదంటారు,
తిండికి కొంత, చెప్పులకి కొంత కోసుకుని.
కట్టేసినవాడి జీతం మీద
కట్టుబడ్డవాడి బొమ్మ.

భూతద్దం విల్ఫ్‌కిచ్చాను.
చాలాసేపు చూశాడు.
నేను రాజు వైపు తిప్పితే
"వాణ్ని చూశాలే" అని మళ్లీ బొరుసు చేశాడు.

"తొంభై ఒకటిలో, ఎడారిలో,
మాకు ప్లాస్టిక్ పట్టీలిచ్చారు, తలా యాభై.
లాగితే బిగుస్తాయి. వదులు చేయడం ఉండదు.
ఇసుకలో అంత చలేస్తుందని ఎవరూ చెప్పలేదు.
ఒకడు ఇలాగే...
ఇలాగే, మోకాళ్లు."

హీటరు టిక్కుటిక్కుమంది.
అడక్కూడనిది అడిగాను: పతకం ఇచ్చారా?

"ఇచ్చారు. ఒకవైపు రాణి.
రెండోవైపు గద్ద, లంగరు, తుపాకీ.
మనిషి లేడు."
అద్దం బల్లమీద పెట్టాడు.
"ఈ రోము వాళ్లే నయం. చూపించారు."

దొరికిన చోటు, తేదీ, తూకం రాశాను.
'స్థితి' అన్న గడిలో 'బాగుంది' అని రాసి
కలం ఎత్తకుండా కాసేపు ఉన్నాను.
ట్రేలో రాజు పైకి ఉండాలి, అది పద్ధతి.
పద్ధతి ప్రకారమే పెట్టాను.
అడుగున మాత్రం దూది కాస్త ఎక్కువ వేశాను.

గుమ్మం దగ్గర విల్ఫ్ వంగి
బూటు లేసు ముడేశాడు.
విప్పాడు.
ఈసారి వదులుగా వేసి,
వానలోకి వెళ్లాడు.